తెగిన వేలికి ఇతరుల రక్తం తగిలితే హెచ్‌ఐవీ, హెపటైటిస్ సోకుతాయా?

ప్రశ్న: చెన్నై దగ్గర తాంబరంలో నిన్న రాత్రి ప్రమాదంలో గాయపడిన ఒకరిని ఆటోలోకి ఎక్కిస్తున్నప్పుడు, అంతకుముందే తెగి ఉన్న నా వేలికి ఆయన రక్తం బాగా తగిలింది. సబ్బుతో కడుక్కున్నాను. నా వల్ల నా భార్యకు ఏమైనా సోకుతుందేమోనని భయంగా ఉంది.

జవాబు 1: దయచేసి ఈరోజే ఆసుపత్రికి వెళ్లండి. హెచ్‌ఐవీ నివారణ మందులను 72 గంటలలోపే, వీలైనంత త్వరగా మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. అవి మీకు అవసరమా కాదా అన్నది వైద్యులే నిర్ణయిస్తారు. తాంబరం శానటోరియం ప్రభుత్వ ఆసుపత్రిలో ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రం ఉంది. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

జవాబు 2: హెచ్‌ఐవీ రక్తం, వీర్యం, యోని, మలద్వార స్రావాలు, తల్లిపాల ద్వారా సోకుతుంది కానీ చెమట, కన్నీరు, ఉమ్మి వల్ల సోకదు, చర్మం చెక్కుచెదరకుండా ఉంటే రక్తం తగిలినా సోకదు. మీ విషయంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బీ, ఎందుకంటే ఆ వైరస్ శరీరం బయట కనీసం 7 రోజులు బతకగలదు, హెచ్‌ఐవీ కంటే తేలికగా సోకుతుంది. టీకా వేయించుకోకపోయి ఉంటే వెంటనే వేయించుకోండి, ఎందుకంటే ఇలా రక్తం తగిలిన తర్వాత కూడా అది కాపాడగలదు. హెపటైటిస్ సీకి టీకా లేదు, కానీ మందులతో నయమవుతుంది.

జవాబు 3: వైద్యులు చెప్పిన పరీక్షలన్నీ పూర్తయ్యేవరకు కండోమ్ వాడండి, రక్తదానం చేయకండి. మీ భార్యగారికి విషయం చెప్పండి. గాయపడిన మనిషిని ఆదుకున్నందుకు దాచుకోవలసిన అవసరం ఏముందండీ?