హీరో పెట్టిన రాజకీయ పోస్టు పద్ధతా కాదా అని మీరెలా చూస్తారు?

మారతహళ్లి మూడో అంతస్తు:
నిన్న రాత్రి మా పీజీలో అన్నాల దగ్గర గొడవ. రూమ్మేట్ అభిమాన హీరో ఒక పార్టీని మెచ్చుకుంటూ పోస్టు పెట్టాడు. "సినిమావాడికి రాజకీయాలెందుకురా" అన్నా. వాడు పప్పు గరిటె గిన్నెలో పడేసి "పోయిన నెల మీ పార్టీని పొగిడిన సింగర్ పోస్టు నువ్వు స్టేటస్‌లో పెట్టుకోలేదా" అన్నాడు. నోట మాట రాలేదు, నిజమే మరి. మనవైపు మాట్లాడితే ధైర్యం, అవతలివైపు మాట్లాడితే అమ్ముడుపోయాడు అనుకోకుండా, ఇంకేం చూడాలంటారు?

సిల్క్‌బోర్డు బాధితుడు:
డబ్బు సంగతి చూడాలి బ్రో. తలనూనె గురించి డబ్బు తీసుకుని రీల్ చేస్తే అది ప్రకటన అని రాయాలని 2021లో ఆస్కీ, అదే ప్రకటనల రంగం తనకు తాను పెట్టుకున్న మండలి, నియమం తెచ్చింది. రాజకీయ ప్రకటనలు దాని పరిధిలోకే రావు! సోషల్ మీడియాలో పార్టీల ప్రకటనలకు ముందే అనుమతి తీసుకోవాలని ఎన్నికల సంఘం 2013 నుంచీ అంటోంది గానీ, "నా సొంత అభిప్రాయం" అని పెట్టినదాని వెనక ఎవరున్నారో ఎవరు తేలుస్తారు? నూనెకున్న పాటి లేబుల్ ఓటుకు లేదు.

బొమ్మనహళ్లి అక్క:
డబ్బు మన కంటికి కనపడదు తమ్ముడూ, కనపడేది చూడు. 2021 ఫిబ్రవరిలో రైతుల ఉద్యమం మీద విదేశీ పాప్ గాయని రిహానా ట్వీట్ చేసిందా, మర్నాడే మన క్రికెటర్లు, నటులు వరసపెట్టి విదేశాంగ శాఖ వాడిన హ్యాష్‌ట్యాగులతోనే రాశారు, కొందరివైతే వాక్యాలు కూడా దాదాపు ఒకటే. వాళ్లు నిజంగా అలాగే అనుకుని ఉండొచ్చు, కాదనను. కానీ సొంత అభిప్రాయానికి సొంత మాటలుంటాయి కదా. అలాగని రిహానాని నెత్తిన పెట్టుకోను, ఆమె కూడా ఒక వార్త లింకు పెట్టి, దీని గురించి ఎందుకు మాట్లాడుకోవడం లేదని అడిగింది, అంతే.

మడకశిర బస్సు:
నేను చూసేది తప్పు దొర్లాక ఏం చేశాడన్నది. 2024 మే 13న ఓటుకని ముందురోజు ఊరికి నిలబడే పోతున్నా, బస్సులో కాలు పెట్టే చోటు లేదు. మా పక్కూళ్లో కొట్టుకున్నారని ఒక పేరున్న కమెడియన్ పెట్టిన వీడియో ఫోను ఫోనుకీ తిరుగుతోంది. దిగి కనుక్కుంటే ఏ గొడవా లేదు, ఎక్కడిదో పాత వీడియో. రెండు రోజులకు చప్పుడు చేయకుండా తీసేశాడు, పొరపాటైందని ఒక్క ముక్క లేదు. మా మేనమామ ఇప్పటికీ ఆ గొడవ జరిగిందనే అంటాడు.

మారతహళ్లి మూడో అంతస్తు:
ఇవన్నీ చదివి ఆ సింగర్ పాత పోస్టులు తిరగేశా. అవతలి పార్టీ ఉన్నప్పుడు గుడిసెలు కూల్చారని వారం రోజులు ఘాటుగా రాసింది. మావాళ్లు వచ్చాక అదే పని చేసిన వారంలో కొత్త పాట ప్రోమో తప్ప ఇంకేం లేదు. అక్క చెప్పినట్టు మాటలైతే సొంతవేనక్కా, చిక్కు అక్కడ కాదు. స్టేటస్ గడువెప్పుడో అయిపోయింది కాబట్టి తీసేయడానికీ లేదు. రూమ్మేట్‌కి మాత్రం ఇంకా చెప్పలేదు.