మిట్టీ కెఫేకి వెళ్లినవాళ్లు ఉన్నారా? మా తమ్ముణ్ణి తీసుకెళ్దామని

కృష్ణాతీరం:
మా తమ్ముడికి డౌన్ సిండ్రోమ్. ఇరవై రెండేళ్లు. ఇంట్లో టీ పెడతాడు, ఎవరొచ్చినా ముందు మంచినీళ్లు వాడే తెచ్చిస్తాడు. వచ్చే నెల బెంగళూరు వెళ్తున్నాం. మిట్టీ కెఫేలో వాడిలాంటి పిల్లలే కౌంటర్ చూసుకుంటారని విన్నాను. ఒకసారి వాడికి చూపించాలని నా ఆశ. అమ్మకి మాత్రం టెన్షన్, అక్కడ జనం వాణ్ణి వింతగా చూస్తారేమోనని. వెళ్లినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇలాంటి హోటళ్లు వేరేచోట చూసినా రాయండి.

ఫిల్టర్‌కాఫీ:
తప్పకుండా తీసుకురండి. మా ఆఫీసు క్యాంపస్‌లో మిట్టీ కెఫే ఉంది. సాయంత్రం టీ ఇచ్చే అమ్మాయికి కూడా డౌన్ సిండ్రోమే. మనం చెప్పింది తను మళ్లీ మనకి చెప్పి, అవునన్నాకే బిల్లు కొట్టిస్తుంది. కప్పు బల్ల మీద పెట్టాక వెంటనే చెయ్యి తీయదు. కుదురుగా నిలిచిందో లేదో చూసి అప్పుడు వదులుతుంది. అలీనా ఆలం గారు 2017లో హుబ్బళ్లిలో చిన్నగా మొదలుపెట్టారు. ఇప్పుడు ముంబై ఎయిర్‌పోర్టులోనూ ఉంది. 2023 నవంబరు 10న సుప్రీంకోర్టు ఆవరణలో కూడా తెరిచారు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ గారే ప్రారంభించారు. ఆ రోజు జాతీయగీతాన్ని సైగల భాషలో పాడారు.

ఒక్క మాట, ఆఫీసుల లోపల ఉన్నవాటికి బయటివాళ్లని రానివ్వరు. ఏ బ్రాంచికి రావచ్చో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

పాలమూరు పిల్ల:
నాకు వినిపించదు. ముంబై పవయ్‌లో మిర్చి అండ్ మైమ్ అని ఒక హోటల్‌కి ఫ్రెండ్స్‌తో వెళ్లాను. వడ్డించేవాళ్లకి కూడా వినిపించదు. మెనూలో ప్రతి వంటకానికీ ఏ సైగ చెయ్యాలో బొమ్మ వేసి ఉంది. మామూలుగా హోటల్లో నా తరఫున మా అక్కే ఆర్డర్ చెబుతుంది. ఆ రోజు నా ఫ్రెండ్స్ బొమ్మలు చూసుకుంటూ తడబడుతుంటే బల్ల మొత్తానికీ నేనే చెప్పాను. ఆ ఆనందం ఇంకా పోలేదు నాకు.

ఇలాంటి చోటికి వెళ్లేవాళ్లకి నా మనవి. పిలవాలంటే చెయ్యి ఊపండి, అరవకండి. అడగకుండా వీడియోలు తీయకండి. ప్లేటు పట్టుకుని పనిలో ఉన్న మనిషి మొహం మీద ఫోన్ పెడితే ఎవరికైనా ఎలా ఉంటుంది?

మాదాపూర్ మాధవి:
మన హైదరాబాద్‌లో ఇనార్బిట్ మాల్‌లో డయలాగ్ ఇన్ ద డార్క్ వాళ్ల దగ్గర చీకట్లో భోంచేశాను. ఈ ఆలోచన 1988లో జర్మనీలో ఆండ్రియాస్ హైనెకె అనే ఆయనది. ఫోన్లు, వాచీలు బయటే పెట్టేయాలి. లోపల కళ్లు పొడుచుకున్నా ఏమీ కనబడదు. చూపులేని గైడ్ నా చెయ్యి పట్టుకుని కుర్చీ అంచు తాకించి, ఆ తర్వాత గ్లాసు తాకించాడు. నేను వేళ్లతో కూర వెతుక్కుంటుంటే ఆయన మా వెనక తిరుగుతూ నీళ్లు పోస్తున్నాడు, ఒక్క చుక్క ఒలకలేదు. అక్కడ ఆయన మీదే ఆధారపడ్డాం మేమందరం.

ఓరుగల్లు:
అన్నీ ఇలాగే ఉంటాయనుకోవద్దు. పేరు చెప్పను, ఒకచోట బయట బోర్డు మీద "దివ్యాంగులకు ఉపాధి" అని పెద్ద అక్షరాలు. లోపలికెళ్తే ఒక్క కుర్రాణ్ణి తలుపు దగ్గర నిలబెట్టి వచ్చినవాళ్లందరికీ దండం పెట్టిస్తున్నారు. వంట, బిల్లు, వడ్డన అంతా వేరేవాళ్లే. నాకు ముద్ద దిగలేదు. కృష్ణాతీరం గారూ, మీ తమ్ముడి కోసం చూస్తున్నారు కాబట్టి ఇవి అడగండి: ఏ పని నేర్పుతారు, జీతం ఎంత, ఏడాది తర్వాత ఇంకో పనికి మారుస్తారా?

తాజ్ చూడ్డానికి ఆగ్రా వెళ్లినప్పుడు షీరోస్ హ్యాంగవుట్‌లో టీ తాగాం. 2014లో పెట్టారు, యాసిడ్ దాడికి గురైన మహిళలే నడుపుతారు. మనకి తోచినంత ఇవ్వొచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో యాసిడ్ దాడి బాధితులూ ఉన్నారు.

బాబు వాళ్ల నాన్న:
మా అబ్బాయిదీ ఇదే పరిస్థితి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ ఉంది, కేంద్ర ప్రభుత్వ సంస్థ, 1984 నాటిది. పాతవాళ్లు ఎన్‌ఐఎంహెచ్ అంటారు. మేధోవైకల్యం ఉన్నవాళ్ల కోసమే పెట్టింది. బెంగళూరు నుంచి వచ్చాక అక్కడ కలవండి. యూడీఐడీ కార్డు (దివ్యాంగులకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) లేకపోతే ముందు దానికి అప్లై చెయ్యండి. ప్రభుత్వ ఉద్యోగాల 4 శాతం రిజర్వేషన్‌లో మన పిల్లలకీ వాటా ఉంది.

కృష్ణాతీరం:
అందరికీ ధన్యవాదాలు. అమ్మకి చదివి వినిపించాను. కప్పు కుదురుగా నిలిచేదాకా చెయ్యి తీయని అమ్మాయి గురించి రెండోసారి చదివించుకుంది. జీతం వాళ్ల పేరు మీదే బ్యాంకులో పడుతుందా అని అడుగుతోంది. ఫిల్టర్‌కాఫీ గారూ, అక్కడి మేనేజర్‌తో ఒకసారి మాట్లాడించగలరా?

ఫిల్టర్‌కాఫీ:
అయ్యో, దానికేముంది! సోమవారం అడిగి ఇక్కడే రాస్తాను. బయటివాళ్లు రాగల బ్రాంచి ఏదో కూడా కనుక్కుంటాను.