నాలుగేళ్ల పాపకు ఒక కంటి చూపు తక్కువగా ఉందన్నారు, ఇన్నాళ్లూ మాకెందుకు తెలియలేదు?

నీలికలువ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా పెద్దపాపకు ఈమధ్యనే 4 ఏళ్లు నిండాయి. బడిలో చేర్చే ముందు ఒకసారి కళ్లు చూపిద్దామని తీసుకెళితే, ఎడమ కంటి చూపు చాలా తక్కువగా ఉందనీ, దీన్ని ఆంబ్లియోపియా లేదా లేజీ ఐ అంటారనీ డాక్టరు గారు చెప్పారు. చుక్కల మందు వేసి, కంటిపాపలు పెద్దవయ్యాక పరీక్షిస్తే కుడి కంటికి ప్లస్ 1, ఎడమ కంటికి ప్లస్ 4.5 పవరు వచ్చింది. ప్రస్తుతానికి కళ్లద్దాలు రాసి 8 వారాల తర్వాత రమ్మన్నారు. అప్పటికీ తేడా మిగిలితే బాగున్న కంటికి రోజూ కొంతసేపు పట్టీ వేయాలన్నారు.

ఈ పిల్ల నేల మీద జారిపోయిన ఆవగింజంత పూసను కూడా వెతికి తెచ్చి దారానికి ఎక్కిస్తుంది. మెల్లకన్ను లేదు, పుస్తకాన్ని ముఖానికి ఆనించుకుని చూడదు, తలనొప్పి అని ఏనాడూ అనలేదు. అయితే పరీక్ష గదిలో ఎడమ కన్ను మూసినప్పుడు బుద్ధిగా కూర్చుని బొమ్మల పేర్లు చెప్పిన పిల్ల, కుడి కన్ను మూయగానే ఏడుస్తూ ఆ చేతిని నెట్టేసింది. రెండోసారీ అంతే. అప్పటి నుంచీ నా మనసు మనసులో లేదు.

కళ్ల ముందు తిరిగే బిడ్డలో ఇంత లోపాన్ని మేము ఎలా గుర్తించలేకపోయాం? బాగున్న కంటిని మూస్తే దానికి కూడా చూపు తగ్గిపోదా? మరొక సంగతి, మా చిన్నబాబుకు ఇప్పుడు 10 వారాలు. అప్పుడప్పుడు వాడి కళ్లు ముక్కు వైపు చేరినట్టు కనిపించి, మరుక్షణంలో సర్దుకుంటున్నాయి. ఇదివరకైతే పట్టించుకునేదాన్ని కాదేమో గానీ, ఇప్పుడు భయంగా ఉంది.

కంటిపాప సమాధానం:

నీలికలువ గారూ, నేను పిల్లలకు కంటి పరీక్షలు చేసే ఆప్టోమెట్రిస్టును. మీరు గుర్తించకపోవడంలో మీ అజాగ్రత్త ఏమీ లేదు. ఈ రకం లోపం తల్లిదండ్రుల కంటికి కనిపించేది కాదు.

బిడ్డ పుట్టేనాటికి కన్ను తయారై ఉంటుంది కానీ చూపు తయారై ఉండదు. అప్పుడు కనుగుడ్డు పొడవు సుమారు 17 మిల్లీమీటర్లు, పెద్దవారిలో అది 24 దాకా ఉంటుంది. కంటి లోపలి వెనుక పొర అయిన రెటీనా మధ్యన సూక్ష్మమైన చూపునిచ్చే మాక్యులా పుట్టిన తర్వాత కూడా కొన్నేళ్లపాటు రూపుదిద్దుకుంటూనే ఉంటుంది. పుట్టి నెల కూడా కాని పసివాడికి కాస్త పోల్చుకోగలిగినంతగా కనిపించేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్న వస్తువులే, అంటే ఒడిలో పడుకుని పాలు తాగుతున్నప్పుడు తల్లి ముఖం ఉండేంత దూరం. 6 నుంచి 8 వారాలకు ముఖం మీద చూపు నిలిపి నవ్వుతాడు, 3 నెలలకు కదిలే వస్తువు వెంట కళ్లు తిప్పుతాడు, 3 నుంచి 5 నెలల మధ్య రెండు కళ్ల బొమ్మలను మెదడు ఒకటిగా కలిపి లోతును గ్రహించడం మొదలుపెడుతుంది.

ఇక్కడ అసలు పని జరిగేది మెదడులో. 1960ల్లో హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రవేత్తలు పిల్లికూనల్లో ఒక కంటి రెప్పను కొన్ని వారాలపాటు కుట్టి ఉంచి, తర్వాత తెరిచి చూశారు. కన్ను చెక్కుచెదరలేదు, కానీ మెదడులోని దృష్టికి సంబంధించిన కణాల్లో ఆ కంటికి స్పందించేవి దాదాపు మిగలలేదు. అవి తెరిచి ఉన్న కంటి వశమయ్యాయి. ఎదిగిన పిల్లిలో అదే పని చేస్తే ఈ మార్పు రాలేదు. ఈ పరిశోధనలకు గాను వారికి 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. కంటి వైద్యంలో తొందర ఎందుకో తల్లిదండ్రులకు చెప్పవలసి వచ్చినప్పుడల్లా నాకు ఆ కూనలే గుర్తుకొస్తాయి.

మీ పాప విషయంలో రెప్ప మూసుకుపోలేదు, కానీ ఎడమ కంటి బొమ్మ మసకబారింది. ఫోకస్ చేసేటప్పుడు రెండు కళ్లూ ఒకే మోతాదులో శ్రమిస్తాయి. తక్కువ పవరున్న కుడి కంటికి బొమ్మ స్పష్టపడగానే ఆ శ్రమ ఆగిపోతుంది, ఎడమ కంటి బొమ్మ మసకగానే ఉండిపోతుంది. స్పష్టమైన బొమ్మ దొరుకుతున్నప్పుడు మెదడు మసక బొమ్మను క్రమంగా పక్కన పెట్టేస్తుంది. కళ్లు తిన్నగానే ఉంటాయి కాబట్టి బయటికి ఏమీ తెలియదు, పుట్టినప్పటి నుంచీ అలాగే చూస్తున్న బిడ్డకు అదొక లోపమని తెలిసే అవకాశమూ లేదు. పూస ఏరడానికి ఒక మంచి కన్ను చాలు. ఆమె చేతిని నెట్టేయడాన్ని అల్లరి అనుకోకండి. ఒక కన్ను మూసినప్పుడు ఊరుకుని, రెండోది మూసినప్పుడు మాత్రమే ఏడ్చే పసిపిల్లల్లో మేము మొదట అనుమానించేది మూయని కంటినే.

కళ్లద్దాలతో మొదలుపెట్టడం సరైన పద్ధతి. ఇలా పవరు తేడా వల్ల వచ్చిన ఆంబ్లియోపియాలో నాలుగో వంతు పిల్లలకు కళ్లద్దాలతోనే చూపు సమానమైన దాఖలాలున్నాయి. మిగిలినవారికి పట్టీ గానీ, బాగున్న కంటిని కొంతకాలం మసకపరిచే అట్రోపిన్ చుక్కలు గానీ వాడతారు. లోపం మధ్యస్థంగా ఉన్న పిల్లల్లో రోజుకు 2 గంటల పట్టీ, 6 గంటల పట్టీతో సమానంగా పనిచేసిందని ప్రయోగాల్లో తేలింది. ఇక బాగున్న కంటి గురించి మీ భయం పూర్తిగా నిరాధారం కాదు. అరుదుగా దానికీ చూపు తగ్గవచ్చు, అందుకే చెప్పిన గంటలకు మించి వేయకూడదు, రమ్మన్న తేదీని తప్పించకూడదు. పట్టీని అద్దానికి కాకుండా చర్మానికే అంటించాలి, లేకపోతే పిల్లలు పక్క సందులోంచి చూస్తారు.

బాబు విషయానికి వస్తే, మొదటి 3 నెలల్లో కళ్లు అప్పుడప్పుడు లోపలికో బయటికో తప్పడం సాధారణమే. ఎప్పుడూ ఒకేలా తప్పి ఉన్నా, 4 నెలలు దాటాక మళ్లీ మళ్లీ కనిపించినా చూపించాలి. ముక్కు మొదలు వెడల్పుగా ఉన్న పిల్లల్లో లేని మెల్ల ఉన్నట్టు కనిపించడమూ ఉంది. అక్కకు ఈ లోపం ఉంది కాబట్టి, బయటికి ఏ లక్షణమూ లేకపోయినా ఏడాదిలోపు బాబు పవరు చూపించండి. రెటినోస్కోపీ అనే పరీక్షలో బిడ్డ ఏమీ చెప్పనక్కర్లేదు, కంటిలోంచి తిరిగి వచ్చే వెలుగు కదలికను బట్టి మేమే లెక్క కడతాం. ఇది చదివే ఇతర తల్లిదండ్రులకు ఒక మాట: ఫొటోలో గానీ ఎదురుగా గానీ కంటిపాప తెల్లగా మెరిస్తే ఒక్క వారం కూడా ఆగవద్దు. అది పుట్టుకతో వచ్చిన శుక్లం కావచ్చు, రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సరూ కావచ్చు. ఒక కంటికే పుట్టుశుక్లం ఉంటే 6 వారాల వయసు నాటికే ఆపరేషన్ చేయాలని చూస్తారు.

అబ్బాయినాన్న సమాధానం:

మా అబ్బాయికి మూడేళ్లప్పుడు అనుమానం వచ్చి ఒక చోట చూపిస్తే, ఇంత చిన్నపిల్లలకు పరీక్ష కుదరదు, అక్షరాలు వచ్చాక తీసుకురండి అని పంపేశారు. నిజం కాదని తెలియక రెండేళ్లు పోగొట్టుకున్నాం. ఆ రెండేళ్లు ఇప్పటికీ నన్ను బాధిస్తాయి, అందుకే రాస్తున్నాను.

పట్టీ వేసిన మొదటి రోజు వాడు దాన్ని 9 సార్లు పీకేశాడు. బలహీనమైన కంటితో ఒంటరిగా మిగిలిన పిల్లవాడికి ఇల్లే కొత్తగా కనిపిస్తుందనీ, అది మొండితనం కాదనీ గ్రహించడానికి మాకు వారం పట్టింది. తర్వాత పట్టీ ఉన్నంతసేపూ ఇద్దరిలో ఒకరం పక్కన కూర్చుని చుక్కలు కలిపే బొమ్మలు వేయించాం. మొదట్లో చార్టులో నాలుగో వరస చూపిస్తే "అక్కడేం లేదు నాన్నా" అనేవాడు. 5 నెలల తర్వాత అదే వరసలో ఒక్కొక్క అక్షరాన్ని వేలితో గాలిలో గీసి చూపించాడు. చూపు సమానమైందని ఒక్కసారిగా మానేయకండి. చికిత్స ఆపిన ఏడాదిలోపు దాదాపు నాలుగో వంతు పిల్లల్లో చూపు మళ్లీ కొంత తగ్గుతుందని మా డాక్టరు గారు ముందే హెచ్చరించారు, మా వాడికి జరిగిందీ అదే, మళ్లీ 3 నెలలు వేయవలసి వచ్చింది.

వేకువ అడిగినది:

మా అక్క కొడుక్కి 11 ఏళ్లు, ఇదే లోపం ఇప్పుడు బయటపడింది. ఏడేళ్లు దాటితే ప్రయోజనం ఉండదని బంధువులు అంటున్నారు. నిజమేనా?

కంటిపాప సమాధానం:

కాదు వేకువ గారూ. చిన్న వయసులో ఫలితం త్వరగా, ఎక్కువగా వస్తుందన్నంత వరకే అది నిజం. 7 నుంచి 12 ఏళ్ల పిల్లల్లో కళ్లద్దాలతోపాటు పట్టీ వంటి చికిత్స చేసినప్పుడు సగం మందికి పైగా చెప్పుకోదగిన మెరుగుదల కనిపించింది. 13 దాటిన తర్వాత కూడా అంతకుముందు ఏ చికిత్సా చేయించుకోని వారిలో కొందరికి చూపు పెరిగింది. బాబును వెంటనే చూపించండి.

నీలికలువ:

ఇద్దరికీ ధన్యవాదాలు. కళ్లద్దాలు నిన్న వచ్చాయి, పాప ఉదయం నుంచీ తీయలేదు. బాబుకు కూడా పరీక్ష తేదీ తీసుకున్నాను. పట్టీ వేయవలసి వస్తే బడిలో వేయాలా, ఇంట్లోనా?

కంటిపాప సమాధానం:

మొదటి వారాల్లో ఇంట్లోనే వేయండి, మీరు పక్కన ఉండే వేళలో. పూసలు గుచ్చడం ఆమెకు ఇష్టమన్నారు కదా, ఆ 2 గంటలు అదే చేయించండి. పెద్ద పూసలతో మొదలుపెట్టండి.