కొండను కూల్చమన్న గేల్‌ది తప్పా?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు):
మా అపార్ట్‌మెంటులోని తెలుగు పిల్లలతో కలిసి 'హంగర్ గేమ్స్' నవలల్లో మూడో భాగం, 2010లో వెలువడిన 'మాకింగ్‌జే' చదువుతున్నాము. రెండో జిల్లాలో కొండ లోపలి శత్రు స్థావరాన్ని చరియలు కూల్చి పూడ్చేద్దామని కథానాయిక కాట్నిస్ స్నేహితుడు గేల్ అన్నప్పుడు, గని పేలుడులో తండ్రిని పోగొట్టుకున్న కాట్నిస్ తల్లడిల్లుతుంది. యుద్ధం గెలవాలంటే గేల్ మాటే సరైనదని పిల్లలు వాదిస్తున్నారు. వారికి ఏమని చెప్పాలండీ?

జవాబు 1 (హెబ్బాళ్):
అక్కడితో ఆగకుండా, తిరుగుబాటుదారులకు ఆయుధాలు రూపొందించే బీటీతో కలిసి గేల్ ఆలోచించిన బాంబు దగ్గరికి వారిని తీసుకువెళ్లండి. మొదటి పేలుడులో గాయపడినవారిని ఆదుకోవడానికి పరుగెత్తి వచ్చేవారిని రెండో పేలుడు చంపుతుంది. అంటే ఆ ఆయుధం ఎదుటివారి జాలినే ఎరగా వాడుకుంటుంది. అలాంటి దాడిలోనే, పిల్లలకు వైద్యం చేయడానికి వచ్చిన కాట్నిస్ చెల్లెలు ప్రిమ్ చనిపోతుంది. క్షతగాత్రులకు సేవ చేసేవారిపై దాడి చేయరాదని 1949 నాటి జెనీవా ఒప్పందాలు చెబుతున్నది ఇందుకే.

జవాబు 2 (జయనగర్):
నాకు ఇంతకన్నా కష్టంగా తోచేది, ఓడిపోయిన పాలక నగరం క్యాపిటల్ పిల్లలతో చివరిసారి ఆటలు (పిల్లలు ఒకరినొకరు చంపుకునే పోటీలు) జరపాలని తిరుగుబాటు నాయకురాలు కాయిన్ ప్రతిపాదించినప్పుడు కాట్నిస్ సరేననడం. తర్వాత ఆమె బాణం కాయిన్‌నే కూల్చింది కనుక అది ఎత్తుగడేనని కొందరంటారు గానీ, రచయిత్రి దాన్ని తేల్చి చెప్పలేదు. పోతన భాగవతం ప్రథమ స్కంధంలో, నిద్రిస్తున్న తన కొడుకులను చంపిన అశ్వత్థామను ఎదుట నిలబెట్టినా, అతని తల్లికి తనలాంటి కడుపుకోత వద్దని ద్రౌపది విడిచిపెట్టమంటుంది. ఆ రెండు ఘట్టాలనూ పక్కపక్కన చదివించండి; భీముడు ఆమెతో ఏకీభవించలేదన్న సంగతి కూడా తప్పక చెప్పండి.