నడిసముద్రంలో పడవ మాస్ట్ (తెరచాప కట్టే నిలువు కొయ్య) ఇరిగితే మొదట ఏం చేస్తారు? తెలిసినోళ్ళు చెప్పండి

కర్నూలు_నాయన: మన నేవీలో పనిచేసిన అభిలాష్ టోమీ గురించి మా పాపకు చెప్తాంటే ఈ డౌట్ వచ్చింది. 2018 సెప్టెంబర్‌లో పడవలో ప్రపంచం చుట్టొచ్చే గోల్డెన్ గ్లోబ్ రేసులో ఒంటరిగా పోతా ఉంటే దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫానుకు ఆయన పడవ తురీయ తిరగబడి మాస్ట్ ఇరిగింది, నడుముకు దెబ్బ తగిలి లేయలేకపోయినాడు, మూడు దినాలకు ఫ్రాన్స్ వాళ్ళ ఓసిరిస్ ఓడ వచ్చి తీసుకపోయింది. అంత కొయ్య ఎట్ల ఇరుగుతాది?

పొద్దుటూరు_మాజీనేవీ: అన్నా, నేను ఐఎన్ఎస్ తరంగిణి మీద ట్రైనింగ్ చేసినా, మూడు మాస్టుల ఓడ అది. మాస్ట్ ఒకటే నిలబడదు, ముందర, ఎనక, రెండు పక్కలా వైర్లు లాగి పట్టుకోనుంటాయి. చిన్న పడవల్లో చానాసార్లు ముందు పోయేది వైరో, దాన్ని డెక్కుకు బిగించే పిన్నో, బొటనేలంత కూడా ఉండదు ఆ పిన్ను. అది జారిందంటే ఆ పక్క పట్టు పోయి కొయ్య రెండో పక్కకు వాలి ఇరుగుతాది. పడవే తిరగబడితే ఇంక వైర్లు ఎంత గట్టివైనా నీళ్ళ దెబ్బకు ఆగవు.

ఉరవకొండ_గాలిమర: సముద్రం నేను చూడనే లేదు గానీ ఈ మాట నూటికి నూరు నిజం. మా దిక్కు గాలి కొలిచే మాస్టులు నిలబెట్టే పని చేసినా, వాటికీ ఇట్లనే స్టే వైర్లు. ఒకసారి వైరు బిగించే టర్న్‌బకిల్‌కు, మర తిరక్కుండా ఆపే కాటర్ పిన్ను ఎయ్యడం మర్చిపోయినారు, గాలికి ఊగి ఊగి మర అదే లూజ్ అయిపోయి తెల్లారేసరికి మొత్తం చేన్లో పడుంది, కింద ఎవురూ లేకపోబట్టి సరిపోయింది.

కర్నూలు_నాయన: ఇరిగినంక?

పొద్దుటూరు_మాజీనేవీ: ఇదే అసలైన గండం. ఇరిగిన మాస్ట్ కొట్టుకపోదు, వైర్లకు తగులుకొని పక్కనే యాలాడతా ప్రతి అలకూ పడవ పొట్టను కుమ్ముతాది. బొక్క పడకముందే బోల్ట్ కట్టరుతో వైర్లు కోసెయ్యాల, లేదంటే సుత్తితో పిన్నులు కొట్టెయ్యాల. తాళ్ళన్నీ పైకి లాక్కోకుండా ఇంజను ఆన్ చేస్తే ప్రొపెల్లరుకు చుట్టుకుంటాయి. మాస్ట్ బరువు పోయినంక పడవ ఇంకా దడదడా ఊగుతాది, మనిషి నిలబడలేడు. మిగిలిన ముక్కనో, గడనో నిలబెట్టి చిన్న తెరచాప కట్టుకోని పోవాల. అదే తుఫానులో ఐర్లండ్ ఆయన గ్రెగర్ మెక్‌గకిన్‌కూ మాస్టులు పోయినాయి, అట్ల అతుకు కొయ్య కట్టుకోనే టోమీ దిక్కు బయల్దేరినాడు, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తాది.

కడప_టీచర్: టోమీ మళ్ళా అదే రేసుకు పోయి 2023 ఏప్రిల్‌లో రెండో స్థానంలో వచ్చినాడు, పాపకు అది కూడా చెప్పన్నా.

ఉరవకొండ_గాలిమర: అన్నా, వైరు తెగేముందు తెలుసుకునే దారి ఉందా?

పొద్దుటూరు_మాజీనేవీ: పాత గుడ్డ తీసుకోని వైరు పొడుగునా తుడువు. ఒక్క పోగు తెగినా గుడ్డ తగులుకుంటాది. ఫిట్టింగులోకి దూరే చోట బాగా చూడు, తుప్పు ఆడనే మొదలైతాది.

ఉరవకొండ_గాలిమర: రేపు పొద్దున సైటుకు పోతాండ, అన్ని వైర్లూ తుడిచి చూసి ఈడనే రాస్తా.