వేగమైన థీమ్‌లో హార్న్‌ల లెగాటో వెనకబడుతోంది: సరిచేసే పద్ధతి ఏమిటి?

కథానాయకుడి ప్రవేశ ఘట్టానికి డి మైనర్‌లో, నిమిషానికి 120 బీట్ల వేగంతో, ఆరు ఫ్రెంచ్ హార్న్‌లు ఏకస్వరంగా పలికే థీమ్‌ను రీపర్ అనే సంగీత సాఫ్ట్‌వేర్‌లో, శాంపిల్ లైబ్రరీతో (ముందే రికార్డు చేసిన వాద్య ధ్వనుల సంపుటితో) కూరుస్తున్నాను. ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారే ప్రతిచోటా లెగాటో (స్వరాలను తెగకుండా కలిపి పలికించడం) సుమారు 250 మిల్లీసెకన్లు ఆలస్యమవుతోంది. ఈ వేగంలో అది సరిగ్గా అర బీటు కనుక, వయొలిన్లూ టింపనీ కచ్చితంగా నడుస్తున్నా హార్న్‌లు మాత్రం వెనకబడి, ధీరంగా ధ్వనించవలసిన బాణీ నీరసపడుతోంది.

ఆడియో బఫర్‌ను (కంప్యూటర్ ఒక్కో విడతలో సిద్ధం చేసే ధ్వని శాంపిళ్ల సంఖ్యను) 512 నుంచి 128కి తగ్గించినా తేడా రాలేదు కాబట్టి లోపం ఆడియో కార్డుది కాదని తేలింది. ట్రాక్‌ను 250 మిల్లీసెకన్లు ముందుకు జరిపితే లెగాటో కుదురుకుంది గానీ, దాదాపు 60 మిల్లీసెకన్లకే పలికే మొదటి స్వరం తొందరపడింది. వెలాసిటీని (మీట నొక్కే బలాన్ని) 100 దాటిస్తే వేగమైన లెగాటో పలుకుతుంది. అయితే హార్న్‌కు ప్రాణమైన ఆ జారుడు మాయమవుతోంది. కింద స్టకాటో (పొట్టిగా తెగే స్వరాల) పొర చేరిస్తే, మాడ్యులేషన్ (ధ్వని తీవ్రతను మార్చే నియంత్రణ) 110 దాటి లోహపు మెరుపు వచ్చే చోట ప్రతి స్వరం రెండుసార్లు మోగినట్లుంది. స్వరాలను చేతితో జరిపితే వినడానికి బాగుంది, కానీ సన్నివేశపు నిడివికి తగ్గట్టు టెంపో మార్చగానే ఆ దూరాలన్నీ చెదిరిపోతున్నాయి.

మొదటి స్వరానికీ లెగాటో స్వరాలకూ వేర్వేరు మిల్లీసెకన్ల సవరణను, టెంపో మారినా చెదరకుండా, రీపర్‌లో ఒకే ట్రాక్‌పై ఎలా అమర్చాలి?