చెరకు తోటలో దిగబడ్డ ప్యాటన్ ట్యాంకు: డయోరమా బొమ్మలా కనబడుతోంది, రెజిన్ కూడా పాడైంది

ప్రశ్న (విజయవాడ)

అందరికీ నమస్కారం. 1/35 స్కేలులో (అసలు దానిలో 35వ వంతు సైజు) ఎం48 ప్యాటన్ ట్యాంకు కిట్ కట్టాను. 1965 సెప్టెంబరు యుద్ధంలో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర మనవాళ్లు పొలాల్లోకి నీళ్లు వదిలితే పాకిస్తాన్ ప్యాటన్లు చెరకు తోటల్లో కూరుకుపోయాయి కదా, ఆ సీను డయోరమా (బొమ్మలతో కట్టే చిన్న దృశ్యం) చేద్దామని. ప్లైవుడ్ మీద థర్మోకోల్, దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్. ఒక మూల, జీపు మీది గన్‌తో ప్యాటన్లను పేల్చిన మన సైనికుడు అబ్దుల్ హమీద్ గారి జీపు. చెరకు కోసం అక్వేరియం ప్లాస్టిక్ గడ్డి గుచ్చాను.

నిన్న రాత్రి నీళ్లలా కనబడాలని రెజిన్ (పోశాక గట్టిపడే ద్రవం) పోశా. పొద్దున చూస్తే థర్మోకోల్ కరిగి పెద్ద గుంట, గదంతా ఘాటు వాసన. అది సరే, పోయకముందు తీసిన ఫొటోలు చూసినా ట్యాంకు బల్ల మీద పెట్టిన బొమ్మలాగే ఉంది. పెయింటింగ్ బాగానే కుదిరిందనుకుంటున్నా. ఎక్కడ తేడా కొడుతోంది? బేస్ మొత్తం పారేయాల్సిందేనా?

జవాబు (సికింద్రాబాద్)

తమ్ముడూ, ముందు ఒకటి చెప్పు. ఆ రెజిన్‌లో రెండో సీసాలోది (గట్టిపరిచేది) చుక్కలు చుక్కలుగా కలిపావా, లేక సగం సగం లెక్కనా?

ప్రశ్న వేసినవారు

చుక్కలే అన్నా. హార్డ్‌వేర్ షాపులో ఫైబర్ పనికి వాడేదని డబ్బాలో పోసిచ్చారు.

జవాబు (సికింద్రాబాద్)

అయితే అది పాలిస్టర్ రెజిన్. అందులో ఉండే స్టైరీన్ అనే ద్రవం థర్మోకోల్‌ని తినేస్తుంది. నీ ట్యాంకు కిట్ కూడా పాలిస్టైరీన్ ప్లాస్టిక్కే, కాబట్టి చక్రాలకు తగిలిందేమో చూసుకో. నీకు కావాల్సింది ఎపాక్సీ అనే ఇంకో రకం రెజిన్. అది థర్మోకోల్‌ని కరిగించదు, కానీ ఒకేసారి మందంగా పోస్తే అదీ వేడెక్కుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల పొర పోసి, ఒక రోజు ఆగి, ఇంకో పొర పోయాలి. సీసా మీద బరువు లెక్క రాస్తే బరువుతో, కొలత లెక్క రాస్తే కొలతతో కలుపు. కంటి అంచనాతో కలిపితే నెలైనా జిగురుగానే ఉంటుంది. ముసురు పట్టిన రోజు పోయకు, పైన తెల్లగా మసక పడుతుంది. పోశాక అట్టపెట్టె బోర్లించు. నా మొదటి చెరువులో ఒక దోమ ఇప్పటికీ ఉంది!

బేస్ పారేయక్కర్లేదు. పాడైన ముక్క కోసేసి కొత్త థర్మోకోల్ అతికించి, పైన ఫెవికాల్ రెండు పూతలు వెయ్.

ఇక బొమ్మలా ఎందుకుందంటే, నీ ట్యాంకుకి బరువు లేదు. అసలు బండి నలభై అయిదు టన్నుల పైమాట. నీ ఫొటోలో ట్రాక్ (చక్రాల చుట్టూ తిరిగే పట్టా) కింద నుంచి వెలుతురు కనబడుతోంది! ఎండిన ప్లాస్టర్ మీద ఏ ట్యాంకు పెట్టినా తేలుతూనే ఉంటుంది. నేల తడిగా ఉండగానే బండిని అందులోకి నొక్కాలి.

నేను చేసే పద్ధతి: వాల్ పుట్టీ రెండు పాళ్లు, టీ వడపోసే జల్లెడలో జల్లించిన మట్టి ఒక పాలు, ఫెవికాల్ ఒక పాలు, కొంచెం బ్రౌన్ అక్రిలిక్ రంగు. గారెల పిండిలా కలపాలి. మట్టిని ముందే మూకుడులో వేయించు, లేకపోతే బూజు పడుతుంది. జల్లించడం ఎందుకంటే, ఈ స్కేలులో ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు మూడున్నర సెంటీమీటర్ల రాయితో సమానం. పొలం నిండా కంకర పోసినట్టుంటుంది.

ట్యాంకు అడుగుకి వంటింటి ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టి, తడి మట్టిలో ముందుకీ వెనక్కీ ఆడిస్తూ దించు. అసలు బండి కడుపుకీ నేలకీ మధ్య ఖాళీ నలభై సెంటీమీటర్లకు అటూ ఇటూ, అంటే నీకు సెంటీమీటరు చిల్లర. కడుపు నేలకి ఆనితేనే దిగబడినట్టు లెక్క. వెనక భాగం ఇంకాస్త లోతుగా పోనియ్, ట్రాక్‌లు తిరిగి తిరిగి తవ్వుకున్నట్టుంటుంది. వెనకాల గాడి వెడల్పు రెండు సెంటీమీటర్లు ఉండాలి, ఎందుకంటే ఎం48 ట్రాక్ 28 అంగుళాలు. గాడి అంచుల్లో మట్టి పొంగి పక్కకి ఒరగాలి. ఆరాక ట్యాంకు తీసి, ఫిల్మ్ విప్పి, మళ్లీ అదే గుంటలో అతికించు.

జవాబు (రాజమండ్రి)

చెరకు గురించి నేను చెప్తాను. సంక్రాంతి బొమ్మల కొలువులో పొలాలు చేసీ చేసీ అలవాటైన చెయ్యి నాది. అక్వేరియం గడ్డి తీసెయ్యి బాబూ, దాని మెరుపే పట్టిచ్చేస్తుంది.

మూడు మీటర్ల చెరకు నీ స్కేలులో ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. ట్యాంకు ఎత్తు కూడా ఇంచుమించు అంతే. అంటే తోటలో ట్యాంకు దాదాపు మునిగిపోవాలి. నీ గడ్డి దాని చక్రాల దాకా కూడా లేదు.

గడకి కొబ్బరి ఈనెల చివరి సన్నటి భాగం బాగుంటుంది, ఒక మిల్లీమీటరు లోపు మందం చాలు. మూడు నాలుగు మిల్లీమీటర్లకొక కణుపు గీత పెన్సిల్‌తో పెట్టు. ఆకులకి పల్చటి కాగితం, ఒకటిన్నర మిల్లీమీటర్ల వెడల్పు, మూడు సెంటీమీటర్ల పొడవు, కొసకి సన్నగా. ముందే రెండు వైపులా రంగు వేసుకుని కత్తిరించు. మధ్యలో గోటితో మడత గీస్తే ఈనె వచ్చేస్తుంది. పైన పచ్చగా, కింద ఎండిన ఆకులు గడ్డి రంగులో వేలాడాలి. ట్యాంకు వచ్చిన దారిలో గడలన్నీ అది వెళ్లిన వైపే పడి ఉండాలి. అటొకటి ఇటొకటి పడేస్తే గాలివాన వచ్చినట్టుంటుంది. బయటి వరసలకే పూర్తి ఆకులు అతికించు, లోపల ఎవరూ చూడరు.

నీళ్లకి నీలం రంగు కలపకు. పొలం నీళ్లవి. అగ్గిపుల్ల తలంత బ్రౌన్ ఆయిల్ పెయింట్ ఎపాక్సీలో కలిపితే చాలు. కొలువులో అయితే అద్దం ముక్క పెట్టేస్తాం, ఇక్కడ అది నడవదు.

జవాబు (హైదరాబాద్)

రెండు మాటలు. మీ కిట్ ఎం48ఏ3 అయితే అది డీజిల్ ఇంజిన్ బండి, వియత్నాంలో కనబడేది. 1965లో ఇక్కడికి వచ్చినవి పెట్రోల్ బళ్లు. ఇంజిన్ పైకప్పు, ఫెండర్ల (ట్రాక్‌ల పై రేకుల) మీది ఎయిర్ క్లీనర్ పెట్టెలు పాత ఫొటోలతో పోల్చుకోండి. అదే యుద్ధంలో పాత రకం ప్యాటన్లు, ఎం47లు కూడా ఉన్నాయి.

రెండోది జీపు. హమీద్ వంద మీటర్ల దూరం నుంచి జీపు మీది 106 ఎంఎం గన్ పేల్చాడనుకున్నా ఈ స్కేలులో అది దాదాపు మూడు మీటర్లు. మీ బేస్ ఎంత?

ప్రశ్న వేసినవారు

30 బై 40 సెంటీమీటర్లండీ.

జవాబు (సికింద్రాబాద్)

జీపు తీసెయ్ తమ్ముడూ. ఒకే బేస్ మీద రెండూ పెడితే గుద్దుకోబోతున్నట్టుంది. హమీద్ 10వ తేదీన చనిపోయాడు, ఆయనకి విడిగా ఒక బేస్ చెయ్యి, ముందు చెరకు, వెనక దుమ్ము. ఇక్కడ మాత్రం యుద్ధం అయిపోయిన మర్నాడు పెట్టు: హ్యాచ్‌లు (పై మూతలు) తెరిచి వదిలేసి వెళ్లిన ప్యాటన్, మోకాలి లోతు నీళ్లలో నిలబడి దాన్ని చూస్తున్న ఒక్క జవాను. కావాలంటే అతన్ని డెక్కన్ హార్స్ వాడిగా చెయ్. నిజాం కాలపు హైదరాబాద్ దళాల నుంచి వచ్చిన రెజిమెంటు, అక్కడ షెర్మన్ ట్యాంకులు నడుపుతూ పోరాడింది.

ప్రశ్న వేసినవారు (తొమ్మిది రోజుల తర్వాత)

అన్నా, అక్కా, అందరికీ థాంక్స్. ట్యాంకు దిగింది! ఫిల్మ్ ఒక చోట చిరిగి ట్రాక్‌లో పుట్టీ ఇరుక్కుంది, టూత్‌పిక్‌తో తీసేసరికి ఒక పూట పట్టింది. చెరకు 140 గడలు అయ్యాయి. ఇంట్లో కొత్త చీపురు సగమైందని అమ్మ ఇంకా తిడుతూనే ఉంది. ఎపాక్సీ రెండో పొర రేపు. ట్రాక్‌ల మీద మట్టి ఇప్పుడే పూయాలా, నీళ్లు పోశాకా?

జవాబు (సికింద్రాబాద్)

ఇప్పుడే. నీళ్ల మట్టం వచ్చే చోట ముదురు రంగు గీత కూడా ఇప్పుడే వెయ్. రెజిన్ గట్టిపడ్డాక ఆ సందుల్లోకి బ్రష్ దూరదు. మట్టం పైన ఉన్న బురద ఆరిపోయినట్టు లేతగా ఉండాలి, సుద్దపొడి అద్దు. ఫొటో తీసేటప్పుడు ఫోన్‌ని బేస్ పక్కనే పెట్టి, ఆ జవాను కంటి ఎత్తులో, అంటే అయిదు సెంటీమీటర్ల ఎత్తు నుంచి తియ్.